ఊడ దిగే వేళ

వేరుశెనగ పువ్వు
తెల్లారి ఆరింటికి విచ్చుకుంటుంది.
మా ఆమనీ ఆరింటికే లేస్తుంది.
ఇద్దరిలో ఎవరికీ ఆగడం తెలీదు.

ఎనిమిదిన్నర దాటితే
ఎండకి పుప్పొడి పనికిరాదు.
ఏడూ నలభైకి బడి వ్యాను
లీలామహల్ సర్కిల్ దగ్గర హారన్ కొడుతుంది.
ఈ రెంటి మధ్యా
చంద్రగిరి రోడ్డూ, నా స్కూటీ,
ఒక జడా, సగం తిన్న దోసె.

తిరుపతిలో అందరూ
కొండ వైపు చూసి దణ్ణం పెట్టి రోజు మొదలుపెడతారు.
నేను గడియారం వైపు చూస్తాను.

నిన్న సాయంత్రం
తెల్లారితే పూయాల్సిన మొగ్గల్ని
ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పట్టుకుని
పట్టకారుతో రెక్కలు విప్పి
కేసరాలు లాగేశాను,
కీలం మీద గీత పడకుండా,
తల్లి మొక్కకి తెలియనంత మెత్తగా.
కొమ్మకొక ఎర్ర దారం.
ఇరవై ఏడయ్యాయి.
ఇరవై ఎనిమిదో మొగ్గ దగ్గర ఫోను మోగింది.
"అమ్మా, చార్టు పేపరు తెస్తున్నావా?"
మొగ్గ చిట్లిపోయింది.
పుస్తకంలో రాయాలి కదా, రాశాను:
ఒకటి నష్టం.
కారణం గడి ఖాళీగా వదిలేశాను.

పక్క సాలులో గంగులమ్మ నవ్వింది.
"నా బిడ్డిని గట్టు మీద గుడ్డుయ్యాల్లో ఏసే కలుపు తీసినా మేడమా.
ఏడిస్తే ఒక సాలు, ఊరుకుంటే రెండు.
నీ మాదిరి లెక్క రాసుకోలే, అంతే."
ఆమెకి రాని రోజు కూలి రానట్టే.
నా ప్రసూతి సెలవు గురించి ఒకసారి చెప్తే
"జీతమిచ్చి మరీనా?" అని నోరు తెరిచింది.
అప్పట్నుంచీ నా కష్టం
ఆమె ముందు గట్టిగా మాట్లాడదు.

పోయిన నెల ప్రమోషన్ ఇంటర్వ్యూ.
బల్లకి అవతల ఐదుగురు, ఒక ఫ్లాస్కు.
"మధ్యలో ఈ రెండేళ్ళూ పేపర్లేమీ లేవేమ్మా?"
అడిగినాయన మంచివాడే.
గొంతులో వెటకారం లేదు.
నిజంగానే తెలుసుకోవాలనుకున్నాడు.

రాత్రి మూడింటికి పాలిస్తూ
ఎడమ చేత్తో దిగుబడి పట్టికలు దిద్దాననీ,
పాప జ్వరం లెక్కలూ విత్తనాల మొలక శాతాలూ
ఒకే పుస్తకంలో ముందూ వెనకా ఉన్నాయనీ,
ఆ పుస్తకం ఏ జర్నలూ వేసుకోదనీ
చెబుదామనుకున్నాను.
"చిన్న పాప సార్" అన్నాను.
ఐదుగురూ తలలూపారు.
ఎవరో టీ వంపుకున్నారు.

ఆ రెండేళ్ళూ మా హేమాద్రికి కూడా చిన్న పాపే.
అతన్ని ఎవరూ అడగలేదు.

ఇవాళ హేమాద్రి మదనపల్లె డ్యూటీలో ఉన్నాడు.
నేను వ్యాను కోసం చూళ్ళేదు.
ఆరున్నరకే యూనిఫాంతో స్కూటీ ఎక్కించేశాను.
తెల్ల సాక్సుల నిండా మట్టి.
దారపుండ పట్టుకుని
సాలు వెంట నా వెనకాలే నడిచింది.
"పువ్వు పైనే ఉంది కదమ్మా, కాయేదీ?"

వంగి, వారం కిందట పూసిన మొక్క చూపించాను.
పువ్వు వాడిన చోటునించి
సన్నటి ఊడ ఒకటి
తల వంచుకుని
నేలను వెతుక్కుంటూ దిగుతోంది.
"చీకట్లోకా?"
"వెలుతురులో కాయ కట్టదురా."
"దానికి భయం వెయ్యదా?"
పదమూడేళ్ళుగా ఈ మొక్కతో ఉన్నాను.
దీనికి మాత్రం నా దగ్గర లెక్కల్లేవు.

"ముడి నేను వేస్తా" అంది.
మొన్ననే నేర్చుకున్న బూటు లేసు ముడి,
రెండు చెవుల కుందేలు ముడి.
మా పద్ధతిలో అలాంటిది లేదు.
విప్పబోయి, ఊరుకున్నాను.

తొమ్మిదింపావుకి బడి గేటు.
ఆలస్యం చీటీలో కూడా
కారణం గడి ఉంది.
పువ్వులు విచ్చే వేళ, అని రాశాను.
వాచ్‌మన్ ఒకసారి చదివి
నన్ను చూసి
మళ్ళీ చదివి
గేటు తీశాడు.

ఇరవై ఏడులో ఇరవై నాలుగే అయ్యాయి.
మిగిలిన మూడూ ఎండలో ఉన్నాయి.